మన వివరాలు – మన హక్కు

హాస్టల్‌లో చేరేటప్పుడు మనం ఇచ్చే కాగితాలను ఒకసారి గుర్తు చేసుకోండి. కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ ధ్రువీకరణ పత్రం, రేషన్ కార్డు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు. ఉపకార వేతనం దరఖాస్తుకూ ఇవే అడుగుతారు. అర్హులెవరో తేల్చడానికి ఇవి అవసరమే. అయితే ఒక పనికోసం మనం ఇచ్చిన వివరాలను ప్రభుత్వం ఇంకొకరికి ఇవ్వవచ్చా? అందరికీ కనిపించేలా పెట్టవచ్చా? ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసిన విషయమిది.

జరిగిన సంఘటనలు

2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే పరిశోధన సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. నాలుగు ప్రభుత్వ వెబ్‌సైట్ల ద్వారా సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండవచ్చని అందులో అంచనా వేసింది. ఆ నాలుగూ పింఛన్లు, ఉపాధి హామీ, బీమా వంటి పథకాలవి. రెండు ఆంధ్రప్రదేశ్‌వే. ఎవరో దొంగిలించినవి కావు, శాఖలే పెట్టిన జాబితాలు.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో 1.34 లక్షల మంది లబ్ధిదారుల ఆధార్ నంబర్లతోపాటు కులం, మతం, బ్యాంకు వివరాలు కూడా కనిపించాయి.

2019లో కేంద్ర రవాణా శాఖ వాహనాల రిజిస్ట్రేషన్, డ్రైవింగ్ లైసెన్సుల సమాచారాన్ని ధర కట్టి ఇచ్చే విధానం తెచ్చింది. వ్యాపార సంస్థలకు ఏడాదికి 3 కోట్ల రూపాయలు. ఈ సమాచారం ఇచ్చినందుకు అప్పటికే 65 కోట్లు వచ్చాయని ఆ ఏడాదే పార్లమెంటుకు తెలిపింది. గోప్యతపై అభ్యంతరాలు రావడంతో 2020 జూన్‌లో ఆ విధానాన్ని రద్దు చేసింది.

నష్టం ఎవరికి?

"పేదవాడికి దాచుకోవడానికి ఏముంటుంది?" అని కొందరు అంటారు. నిజానికి ఎక్కువ నష్టం పేదలకే. పట్నంలో అద్దె గది వెతుక్కునే మన అన్నలను, అక్కలను ఇంటివాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మనకు తెలుసు. కులం చెప్పాలా వద్దా అన్నది మన ఇష్టం. జాబితా బయటపడితే ఆ ఇష్టం మన చేతిలో ఉండదు. ఖాతా వివరాలు తెలిసిన మోసగాడు "స్కాలర్‌షిప్ మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అంటే అమ్మానాన్నలు నమ్మేస్తారు.

జాబితాలే వద్దని దీని అర్థం కాదు. ఉపాధి హామీ పనిలో దొంగ పేర్లను పట్టుకోవాలంటే పేరు, పని దినాలు, కూలి మొత్తం ఊరందరికీ తెలియాలి. ఆధార్ నంబరు, ఖాతా నంబరు మాత్రం అక్కర్లేదు.

సుప్రీంకోర్టు ఏమన్నది?

కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి 2012లో ఆధార్‌పై సుప్రీంకోర్టుకు వెళ్లారు. గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న 9 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తీర్పు చెప్పారు. ప్రభుత్వం ఈ హక్కులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు. 2018 సెప్టెంబరు 26న మరో ధర్మాసనం సంక్షేమ పథకాలకు ఆధార్ అడగవచ్చని, బడిలో చేర్చుకోవడానికి తప్పనిసరి చేయరాదని చెప్పింది.

కొత్త చట్టం

2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమాలు ప్రకటించి దశలవారీగా అమలు మొదలుపెట్టారు. సమాచారాన్ని భద్రంగా ఉంచకపోతే 250 కోట్ల వరకు జరిమానా వేయవచ్చు. అయితే ప్రభుత్వ సంస్థలకు ఇందులో విస్తృతమైన మినహాయింపులు ఉన్నాయి. వ్యక్తిగత సమాచారం పేరుతో సమాచార హక్కు చట్టాన్ని కుదించారన్న విమర్శ కూడా ఉంది.

మనం పాటించవలసినవి

1. జిరాక్సు మీద ఏ పనికోసం ఇస్తున్నామో, తేదీ రాసి సంతకం చేయాలి.
2. వీలైన చోట చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వాలి.
3. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఇంట్లోవాళ్లకూ ఈ మాట నేర్పాలి.
4. నోటీసు బోర్డు మీదగానీ వాట్సాప్ గ్రూపులోగానీ మన ఆధార్, ఖాతా నంబర్లు కనిపిస్తే వార్డెన్ గారికి చెప్పి తీయించాలి.

మిత్రులారా! హాస్టల్ సీటు, ఉపకార వేతనం మనకు హక్కుగా వచ్చినవి. వాటిని తీసుకున్నందుకు మన గోప్యతను బదులుగా ఇవ్వనక్కర్లేదు. రేపు మనలో కొందరు గుమాస్తాలవుతారు, అధికారులవుతారు. ఒక పేద కుటుంబం దరఖాస్తు మన బల్ల మీదికి వచ్చిన రోజున ఈ సంగతి మరువకుందాం.