గాయానికి తొలి మందు

మానవునికీ పశుపక్ష్యాదులకూ గల అనుబంధం అనాదియైనది. తన వెంట నడచివచ్చిన శునకాన్ని విడిచి స్వర్గానికైనా రానన్న ధర్మరాజు కథ మనకు తెలిసినదే. కుక్క విశ్వాసాన్ని ఇంతగా మెచ్చుకొన్న మన పూర్వులు దాని కాటులోని ప్రమాదాన్నీ ఎరుగుదురు. సుశ్రుత సంహితలోని కల్పస్థానం పిచ్చికుక్క కాటు వల్ల కలిగే విషాన్ని వర్ణించింది. రోగి నీటిని చూచి భయపడడాన్ని 'జలత్రాసం' అని పేర్కొని, దానిని మరణసూచకంగా చెప్పింది.

జంతువుల నుంచి మనుషులకు సంక్రమించే వ్యాధులు అనేకం. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి వల్ల లెప్టోస్పైరోసిస్, పచ్చిపాల వల్ల బ్రూసెల్లోసిస్, పిల్లుల, కుక్కల చర్మం నుంచి తామర సోకవచ్చు. వీటన్నింటిలో అతి భయంకరమైనది రేబిస్.

పల్నాడు జిల్లా వినుకొండ వాసులకు సెప్టెంబరు 28 మరపురాని తేదీ. మహాకవి గుఱ్ఱం జాషువ 1895లో ఆ రోజుననే ఈ ఊరిలో జన్మించాడు. సరిగ్గా అదే రోజున ఫ్రాన్సు దేశంలో, రేబిస్ టీకాను రూపొందించిన లూయీ పాశ్చర్ కన్నుమూశాడు. పాశ్చర్ స్మృత్యర్థం ఏటా ఆ తేదీన ప్రపంచ రేబిస్ దినం జరుపుతున్నారు. అందుచేత జాషువ జయంతి నాడు వినుకొండ విద్యార్థులు తలచుకోవలసిన విషయం మరొకటి కూడా ఉంది.

రేబిస్ క్రిములు వ్యాధి సోకిన జంతువు లాలాజలంలో ఉంటాయి. కాటు ద్వారా శరీరంలో ప్రవేశించి, నరాల వెంబడి మెల్లగా మెదడును చేరుతాయి. సాధారణంగా ఇందుకు ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది; ఒక్కొక్కప్పుడు వారమే చాలు. వ్యాధి లక్షణాలు బయటపడిన తరువాత రోగి బ్రతకడం దాదాపు అసంభవం. అంతకు ముందే టీకా వేయించుకొన్నవారికి ప్రాణరక్షణ కలుగుతుంది. 1885 జూలై 6న తొమ్మిదేళ్ల జోసెఫ్ మీస్టర్‌కు పాశ్చర్ టీకా వేయించి నిరూపించిన సత్యమిదే.

మరి మందు ఉండగా మరణాలు ఎందుకు? కరచిన చోట కారం, సున్నం, ఆకుపసరు పూసి ఊరకుండేవారు మన పల్లెల్లో నేటికీ ఉన్నారు. కొందరు మంత్రాలను నమ్ముతారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారన్న పాత భయం కొందరిని ఆసుపత్రికి పోనివ్వదు. ఆ పాత టీకాను మన దేశంలో ఈ శతాబ్దపు తొలి దశకంలోనే మానివేశారు. ఇప్పటి టీకాను చేతికి వేస్తారు. ఇక, తిడతారన్న భయంతో కాటును దాచే పసివారి సంగతి మరింత దయనీయం. అనుమానాస్పద జంతువుల కాటుకు గురైనవారిలో నూటికి నలభైమంది పదిహేనేళ్లలోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కుక్క గాని, పిల్లి గాని కరచినా, రక్కినా, తక్షణమే గాయాన్ని ధారగా పడే నీటితో, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. అదే తొలి మందు. వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో తొలిరోజున, 3, 7, 28వ రోజుల్లో టీకా వేస్తారు. రక్తం చిందిన గాయమైతే గాయంలోనే వేరొక మందు కూడా ఇస్తారు. నొప్పి తగ్గిందని నడుమ మానరాదు. కరచినది మన పెంపుడు కుక్కే కదా, చిన్న కూనే కదా అని ఉపేక్షించరాదు.

కుక్కలను చంపడం దీనికి పరిష్కారం కాదు. ఒక ప్రాంతంలోని కుక్కల్లో నూటికి డెబ్బైకి ఏటా టీకాలు వేస్తే వ్యాధి వ్యాప్తి ఆగిపోతుందని శాస్త్రజ్ఞుల నిర్ణయం. ఈ మార్గాననే 2030 నాటికి కుక్కల ద్వారా సోకే రేబిస్‌ను నిర్మూలించాలని భారత ప్రభుత్వం 2021లో జాతీయ ప్రణాళికను ప్రకటించింది. పెంచుకొన్న కుక్కను ఏటా పశువైద్యశాలకు తీసికొనిపోవడం యజమాని ధర్మం. వీధికుక్కలకు టీకాలు వేయించడం స్థానిక సంస్థల బాధ్యత.

ఆలకించేవారు లేని అభాగ్యుని వేదనను శివునికి విన్నవించేందుకు జాషువ 'గబ్బిలం' కావ్యంలో ఒక గబ్బిలాన్ని దూతగా పంపాడు. కాటు తిని భయంతో నోరు మెదపని పసివానికి కూడా ఒక దూత కావాలి. విద్యార్థులారా! మీ ఇంట, మీ వీధిలో చిన్నపిల్లలను తిట్టక, బెదిరించక అడిగి తెలుసుకోండి. గాయం కనిపిస్తే ముందు నీళ్లు పోయండి; పిదప పెద్దలకు చెప్పి ఆసుపత్రికి పంపండి. చదువుకొన్నవారు తమ ఊరికి చేయగల సేవల్లో ఇంతకంటె సులభమైనది, ఇంతకంటె విలువైనది అరుదు.