విందునందు అన్నశుద్ధి

నెల్లూరు జిల్లా పడమటి భాగమున ఉదయగిరి దుర్గము గలదు. శ్రీకృష్ణదేవరాయలు 1514వ సంవత్సరమున గజపతులనుండి ఈ దుర్గమును జయించెను. దుర్గమును గెలిచిన ఆ రాజే "ఆముక్తమాల్యద" యను ప్రబంధమును రచించెను. అందు విష్ణుచిత్తుడను భక్తుడు అతిథులకు అన్నము పెట్టిన విధము వర్ణింపబడినది. అతడు ఏ ఋతువునకు తగిన వంటకములను ఆ ఋతువునందు వడ్డించెడివాడు. వేసవిలో పలుచని అంబలి, చెరకురసము, కొబ్బరినీరు మొదలగు చలువ పదార్థములను, చలికాలమున మిరియపు కారముగల కూరలను పెట్టెడివాడు. నడిరేయి వచ్చిన అతిథికి సైతము, కూరలు కొద్దియేయనియు, అన్నము వేడిగా లేదనియు దాచక చెప్పి, దయయుంచి ఆరగింపుడని వేడుకొనెడివాడు.

ఈ వర్ణనయందు రెండు విషయములు గమనింపదగినవి. కాలమెరిగి వండుట మొదటిది. లేనిదానిని లేదని వినయముతో చెప్పుట రెండవది. విందు చేయువారికి ఈ రెండును నేటికిని అవసరములే.

ఆత్మకూరులో ఒక ఇంట వైశాఖమాసమున పెండ్లి జరుగుచున్నదనుకొందము. మగపెండ్లివారు ఉదయగిరినుండి రావలెను. వంటవారు తెల్లవారుజామున పొయ్యి వెలిగించి, ఏడు గంటలకే కూరలన్నియు దింపిరి. బస్సు దారిలో చెడిపోవుటచే పెండ్లివారు మధ్యాహ్నము పన్నెండు గంటలకుగాని చేరలేదు. ఎండ 40 డిగ్రీలు దాటినది. ఉర్లగడ్డ కుర్మా అయిదు గంటలసేపు గుండిగలోనే ఉండిపోయెను. చూచుటకు బాగుగనే యున్నది, వాసనయు మారలేదు. వంటవాడు వడ్డనకు సిద్ధపడగా, ఇంటి పెద్దావిడ వలదని వారించెను.

ఆమె కుమారుడు కలతపడి, "అమ్మా! వియ్యాలవారి యెదుట కూర తక్కువైనదన్న మాట వచ్చును గదా! మరల కాచి వడ్డింతము" అనెను.

"నాయనా! కూర తక్కువైన మాటను వారు సాయంకాలమునకు మరచిపోవుదురు. మన ఇంట తిని మంచము పట్టిరన్న మాట తరతరములు నిలుచును. వచ్చినవారిలో చంటిబిడ్డలున్నారు, ముసలివారున్నారు, నెలలు నిండిన ఆడపడుచు ఉన్నది. ఆ గుండిగను తీసివేయింపుము. అరగంటలో మామిడికాయ పప్పు వండింతును. అంతవరకు వారికి కొబ్బరినీళ్లు ఇమ్ము" అని ఆమె పలికెను.

"పోనీ, గొడ్లకు వేయుదమా?"

"గొడ్డుది మాత్రము ప్రాణము కాదా? గోయి తీయించి పూడ్పింపుము."

తరువాత ఆమె పంక్తి మొదట నిలిచి, "అమ్మా, అయ్యా! ఒక కూర తగ్గినది, మన్నింపుడు" అని చేతులు జోడించెను. అందరును తృప్తిగా భుజించిరి.

ఆ యమ్మ చేసినది సరియైన పనియే. వండిన పదార్థమున చేరు సూక్ష్మజీవులు 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల నున్న ఉష్ణమున వేగముగా వృద్ధి పొందును. అనుకూలమైన స్థితిలో కొన్ని జాతులు ఇరువది నిమిషములకొకమారు రెట్టింపగును. ఒకటి గంటకు ఎనిమిదియగును. రెండు గంటలకు 64 అగును. నాలుగు గంటలకు 4096 అగును. కావున వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. ఎండ 32 డిగ్రీలు దాటినప్పుడు ఒక గంటయే హద్దు. అంతకు మించి నిలుపవలసివచ్చినచో, 60 డిగ్రీలకు తగ్గని వేడిమీదనైనను, 5 డిగ్రీలకు మించని చలువయందైనను ఉంచవలెను.

మరల కాచినచో చాలదా యని కొందరడుగుదురు. చాలదు. కొన్ని సూక్ష్మజీవులు పదార్థమున విషమును విడుచును. కాచుటవలన జీవులు చచ్చినను ఆ విషము పోదు. అన్నములో ఉండదగిన కొన్ని జీవుల బీజములు ఉడుకునకు సైతము చావవు. అన్నము గోరువెచ్చగా నిలిచినప్పుడు అవి మరల మొలచును. రుచియు, వాసనయు మారనంత మాత్రమున పదార్థము మంచిదని నమ్మరాదు.

వడ్డించు చేతుల శుభ్రత కూడ ఇంతటి ముఖ్యమైనదే. 1847వ సంవత్సరమున వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, వైద్యులందరును సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడుగుకొనవలెనని నియమము పెట్టెను. అంతట బాలింతల మరణములు మిక్కిలి తగ్గెను. వంటయింటికిని ఈ పాఠము వర్తించును. వంటకు ముందును, మరుగుదొడ్డికి పోయివచ్చిన పిమ్మటను సబ్బుతో చేతులు కడుగుకొనవలెను. చేతిపై పుండున్నవారును, విరేచనములతో బాధపడువారును వడ్డనకు పూనుకొనరాదు.

ఉదయగిరి పనివారు కొండ అడవులలో లభించు కలపతో గరిటెలను, చెంచాలను చెక్కుదురు. అందమైన ఆ కొయ్య గరిటెలు వేడినెరుగక, పదార్థమును చేయి తాకకుండ వడ్డించుటకు అనుకూలముగా నుండును. అయితే కొయ్య తడిని పీల్చును గనుక, వాడిన వెంటనే వానిని వేడినీట కడిగి, తడి లేకుండ ఎండబెట్టవలెను. పగిలిన గరిటె పగుళ్లలో మడ్డి చేరును. దానిని వడ్డనకు వాడరాదు. పచ్చిమాంసమునకు వాడిన కత్తిని, పళ్లెమును కడుగక వండిన పదార్థమునకు తగిలింపరాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001వ సంవత్సరమున అయిదు సూత్రములను ప్రకటించెను. శుభ్రతను పాటించుట, పచ్చిదానిని వండినదానిని వేరుగా నుంచుట, బాగుగా ఉడికించుట, తగిన ఉష్ణమున నిలుపుట, మంచి నీటిని మంచి సరకులను వాడుట అనునవి ఆ అయిదు.

అతిథి మన ఇంట విస్తరి ముందు కూర్చుండినప్పుడు వంటయింట ఏమి జరిగినదో చూడడు. మనలను నమ్మి ముద్ద నోట పెట్టుకొనును. వంటకముల సంఖ్యకన్న ఆ నమ్మకమును కాపాడుటయే గృహస్థునకు గౌరవము.

ప్రశ్నలు

1. విష్ణుచిత్తుని ఆతిథ్యమునుండి మనము నేర్చుకొనదగిన రెండు విషయములెవ్వి?
2. కుర్మాను మరల కాచి వడ్డించినచో ఏల మంచిది కాదు?
3. పెద్దావిడ తన కుమారునితో పలికిన మాటలను మీ సొంత వాక్యములలో వ్రాయుడు.