ఎనిమిది మంచి రౌండ్ల లెక్క

ప్రశ్న: మాది మొయినాబాద్. గోల్కొండ నయా ఖిలా కోర్సులో గోల్ఫ్ నేర్చుకుంటున్నాను. హ్యాండిక్యాప్ అంటే నా స్కోర్ల సగటేనా?
- ఒక పాఠకుడు

జవాబు: కాదండీ. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ విధానంలో, చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 ఫలితాల సగటే మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్. మొదటిసారి ఇండెక్స్ రావడానికి 54 హోల్స్ స్కోర్లు చాలు.

ఫలితమంటే కొట్టిన స్ట్రోకుల లెక్క ఒక్కటే కాదు, కోర్సు కష్టమూ అందులో కలుస్తుంది. కష్టాన్ని చూపే అంకెలైన రేటింగ్ 71, స్లోప్ 120 ఉన్న కోర్సులో మీరు 95 కొట్టారనుకుందాం. 95లో 71 తీసేస్తే 24. దాన్ని 113తో హెచ్చించి 120తో భాగిస్తే 22.6. ఈ 113 మామూలు కష్టమున్న కోర్సు స్లోప్. ఏదో ఒక హోల్‌లో 11 పడిందని దిగులు పడకండి. హ్యాండిక్యాప్ లెక్కలో దాన్ని నెట్ డబుల్ బోగీకి, అంటే పార్‌కు రెండూ, ఆ హోల్‌లో మీకు దక్కే హ్యాండిక్యాప్ స్ట్రోకులూ కలిపిన అంకెకు తగ్గిస్తారు.

ఇండెక్స్ నుంచి ఆ కోర్సుకు తగిన హ్యాండిక్యాప్ తేలుస్తారు. మీకు 18, మీ మిత్రుడికి 8 వస్తే, హోల్ హోల్‌కూ గెలుపోటములు తేల్చే మ్యాచ్ ప్లేలో స్ట్రోక్ ఇండెక్స్ (హోల్స్‌కు ఇచ్చే కష్టం వరుస) 1 నుంచి 10 దాకా ఉన్న హోల్స్‌లో మీకు ఒక్కో స్ట్రోకు కలిసొస్తుంది. కొత్తవాళ్లూ ఆరితేరినవాళ్లూ సమంగా పోటీపడే ఇంత చక్కని ఏర్పాటు మరే ఆటలోనూ నాకు కనిపించలేదు. హ్యాండిక్యాప్ ఎక్కువగా ఉండాలని మంచి స్కోర్లు దాచడం ఎదుటివాడిని మోసం చేయడమే. బాగా ఆడినా, ఆడకపోయినా కార్డు ఆ రోజే ఇచ్చేయండి.