మెడ నొప్పి, మనసు బరువు, శ్వాస సాధన

సాయంత్రానికల్లా మెడ పట్టేసిందనీ, భుజాలు బరువెక్కాయనీ అనే మాట వినిపించని ఇల్లు ఈ రోజుల్లో అరుదు. కుట్టుమిషను ముందు కూర్చునే అక్కచెల్లెళ్లు, నిజామాబాదు, కామారెడ్డి, జగిత్యాల ప్రాంతాల్లో ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే తల్లులు, దుకాణంలో లెక్కలు చూసుకునే వ్యాపారులు, కంప్యూటరు ముందు పనిచేసే యువకులు, చేతిలో ఫోను వదలని మనమందరమూ ఈ బాధ ఎరిగినవాళ్లమే. చాలామంది ఒక నొప్పి మాత్ర వేసుకుని పడుకుంటారు. తెల్లవారితే మళ్లీ అదే నొప్పి. పని తీరుతో పాటు మన మనసులోని ఆందోళన, మనం ఊపిరి తీసుకునే పద్ధతి కూడా మెడను బిగిస్తాయన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

మెడ ఎందుకు బిగుస్తుంది?

పెద్దవారి తల బరువు సుమారు 5 కిలోలు. మెడలోని 7 ఎముకలు దానిని మోస్తాయి. తల నిటారుగా ఉంటే ఆ బరువు ఎముకల మీద నిలుస్తుంది. ముందుకు వంచిన కొద్దీ మెడ వెనుక కండరాలు దానిని లాగి పట్టుకోవలసి వస్తుంది. నిండు బిందెను నడుముకు ఆనించి మోయడానికీ, చేయి చాచి పట్టుకోవడానికీ ఉన్నంత తేడా అది.

రెండో కారణం మనసు. భయం, కోపం, దిగులు కలిగినప్పుడు శరీరం ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి సిద్ధమవుతుంది. గుండె వేగం పెరుగుతుంది, పళ్లు బిగుస్తాయి, భుజాలు పైకి లేస్తాయి. ఎదురుగా కుక్క వచ్చిందంటే అది పోగానే ఒళ్లు సడలుతుంది. కానీ అప్పు వాయిదా, ఇంట్లో జబ్బు, కూతురి పెళ్లి ఖర్చు, గల్ఫుకు వెళ్లిన కొడుకు నుంచి రాని ఫోను అలా నిమిషంలో పోయేవి కావు. అందుకే భుజాలు రోజంతా బిగిసే ఉంటాయి, మనకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు.

శ్వాసకూ మెడకూ సంబంధం ఏమిటి?

ఛాతీకీ పొట్టకూ మధ్య గొడుగులాంటి ఒక కండరం ఉంది. దానిని ఉదరవితానం అంటారు. ప్రశాంతంగా ఉన్నప్పుడు ఊపిరి పనిలో ఎక్కువ భాగం అదే చేస్తుంది. దానిని నడిపించే నరం మెడ నుంచే బయలుదేరుతుంది. ఆందోళనలో మనం పైపైన, ఛాతీతో ఊపిరి తీస్తాం. అప్పుడు మెడ పక్కనున్న కండరాలు పై పక్కటెముకలను ఎత్తే పనికి దిగుతాయి. నిమిషానికి 15 సార్ల చొప్పున లెక్క వేసినా, మనం రోజుకు 21,600 సార్లు ఊపిరి తీసుకుంటాం. అన్నిసార్లు మెడ కండరాలకు అదనపు పని పడితే అవి అలసిపోవా?

గుండె వేగాన్ని మన ఇష్టప్రకారం తగ్గించలేం. శ్వాసను మాత్రం నెమ్మది చేసుకోగలం. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగా కొంచెం తగ్గుతుంది. అందుకే గాలిని నిదానంగా వదలడమే ఈ సాధనలో ముఖ్యమైన భాగం.

సాధన ఇలా చేద్దాం

1. పాదాలు నేలకు ఆనేలా కుర్చీలో కూర్చోవాలి. వీపు నిటారుగా ఉండాలి. ఒక చేయి ఛాతీ మీద, ఒక చేయి పొట్ట మీద పెట్టుకోవాలి.

2. భుజాలను చెవుల వైపు ఎత్తి, 5 లెక్కపెట్టే వరకు ఉంచి, ఒక్కసారిగా వదిలేయాలి. ఇలా 3 సార్లు చేయాలి. బిగుతుకూ సడలింపుకూ తేడా అప్పుడు తెలుస్తుంది.

3. ముక్కుతో 4 సెకన్లు గాలి తీసుకోవాలి. పొట్ట మీది చేయి కదలాలి, ఛాతీ మీది చేయి దాదాపు కదలకూడదు. తరువాత 6 సెకన్లు మెల్లగా వదలాలి. ఊపిరి బిగపట్టవద్దు. నిమిషానికి 6 శ్వాసలు అవుతాయి. 5 నిమిషాలు చాలు.

4. ఆ తరువాత మామూలుగా ఊపిరి తీసుకుంటూ దానినే గమనించాలి. మనసు వేరే వైపు వెళితే విసుక్కోకుండా మళ్లీ శ్వాస దగ్గరకు తెచ్చుకోవాలి.

ఈ చివరి మెట్టునే ధ్యానం అంటారు. ధ్యానం అన్న మాట వినగానే ఇది మనకు తగినదేనా అని కొందరు సందేహిస్తారు. ఇందులో ఏ మంత్రమూ లేదు, ఏ ఆచారమూ లేదు. అమెరికా హృద్రోగ వైద్యుడు హెర్బర్ట్ బెన్సన్ 1975లో రాసిన పుస్తకంలో ఈ ప్రశాంత స్థితిని వివరించారు. ఎవరి విశ్వాసానికి తగిన మాటనో ప్రార్థననో వారు మనసులో అనుకోవచ్చని ఆయన చెప్పేవారు. నమాజు తరువాత కాసేపు అక్కడే కూర్చునే అలవాటున్నవారికి ఇది కష్టం కాదు.

జాగ్రత్తలు

సాధనలో తల తిరిగినట్లుంటే ఆపి మామూలుగా ఊపిరి తీసుకోవాలి. ఆయాసం, గుండె జబ్బు ఉన్నవారు ముందు వైద్యుణ్ని అడగాలి. క్షౌరశాలలో మెడ విరిపించుకోవద్దు. మెడలోని రక్తనాళాలకు గాయమయ్యే ప్రమాదం ఉంది. చేయి తిమ్మిరెక్కినా, పట్టు తగ్గినా, కింద పడిన తరువాత నొప్పి మొదలైనా, జ్వరంతో మెడ బిగుసుకున్నా వైద్యుణ్ని చూడాలి. ఛాతీ నొప్పి దవడకో ఎడమ చేతికో పాకితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. దిగులు వారాల తరబడి వదలకుండా నిద్ర, తిండి చెడితే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయవచ్చు. ఈ ఉచిత సేవ రాత్రింబవళ్లు ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

దాతలకు ఒక మాట

శ్వాస సాధన అప్పు తీర్చదు, కూలి పెంచదు. బాధ్యతలు మోసే మనిషికి కాస్త నిద్ర, కాస్త నిబ్బరం ఇస్తుంది. మిగతా బరువు పంచుకోవలసింది మనమే. కుట్టుమిషను ఇచ్చేటప్పుడు దానికి తగిన ఎత్తున్న కుర్చీ, మంచి వెలుతురునిచ్చే దీపం కూడా ఇద్దాం. అవి లేకపోతే బతుకుతెరువుతో పాటు మెడ నొప్పినీ ఇచ్చినవాళ్లమవుతాం. శిక్షణ ఇచ్చే చోట అరగంటకొకసారి లేచి, భుజాలు సడలించి, పది శ్వాసలు నిదానంగా తీసుకోవడం పాఠంలో భాగం చేద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు. ముందు మనం మన ఇంట్లో మొదలుపెడితే, ఇతరులకు నేర్పడం తేలికవుతుంది.