పొగడ్త వద్దు, ఒక పూట అడుగు

కాకినాడ

చి.ల.సౌ. పద్మకు,
మామయ్య ఆశీర్వదించి రాసేది.

మొన్న ఫోన్లో ‘బాగానే ఉన్నాం మామయ్యా’ అన్నావు. మీ అత్తయ్యకు మతిమరుపు ముదిరిన రోజుల్లో నేనూ అందరికీ అదే చెప్పేవాణ్ణి గనక నమ్మలేదు. ఇప్పుడు అదే జబ్బుతో ఉన్న మీ ఆయన, మా అల్లుడు, పక్కనే ఉంటే ఫోన్లో ఏం చెప్పగలవు? అందుకే ఉత్తరం రాస్తున్నాను. తీరికైనప్పుడు చదువుకో.

నగలు నువ్వే దాచేశావని, ఎవరితోనో మాట్లాడుతున్నావని అల్లుడు అంటున్నాడట, మీ అమ్మ చెప్పింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి నోటి నుంచి ఆ మాట వినడం ఎంత కష్టమో నాకు తెలుసు. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక రైల్వే ఉద్యోగి తన భార్య అగస్టె డేటర్‌ను ఆసుపత్రిలో చేర్చాడు. ఆవిడను పరీక్షించిన డాక్టరే అల్జీమర్. ఆవిడలో మొదట కనిపించిన లక్షణం ఏమిటో తెలుసా? భర్త మీద అనుమానం. ఈ జబ్బు గురించి లోకానికి తెలిసిన మొదటి ఇంట్లోనే ఈ నింద ఉంది. కాబట్టి నీ నడతలో లోపం వెతుక్కోకు. ‘నేను తీయలేదు’ అని వాదించకు కూడా. ‘పదండి, ఇద్దరం వెతుకుదాం’ అను.

జబ్బు అనిపిస్తున్న మాటలని తెలిసినా మనసుకు తగలక మానవు. కోపం వస్తుంది. ఏదో ఒక రాత్రి ‘ఈయన్ని దేవుడు తీసుకుపోతే బాగుండు’ అని కూడా అనిపిస్తుంది, తెల్లారాక నిన్ను నువ్వే తిట్టుకుంటావు. అది పాపం కాదమ్మా, నిద్రలేని మనిషి తలపు. చెయ్యి లేచేలా ఉందనిపిస్తే మాత్రం, ఆయనకు ప్రమాదమేమీ లేదని చూసుకుని పక్క గదిలోకి వెళ్లిపో. కాసేపు పోనిచ్చి మళ్లీ రా. ఈలోపు ఆయన ఆ గొడవ మరిచిపోయి ఉంటాడు.

దుఃఖం సంగతి వేరు. మనిషి పోతే బంధువులు వస్తారు, పలకరిస్తారు, ఏ రోజుకు ఏం చేయాలో ఒక క్రమం ఉంటుంది. ఎదురుగా కూర్చున్న భర్త ‘మీరెవరండీ’ అంటే పరామర్శకు వచ్చేవాళ్లెవరు? అమెరికాలో పాలిన్ బాస్ అనే ఆవిడ 1970ల నుంచీ ఇలాంటి దుఃఖం మీదే పనిచేసింది. మనిషి ఉంటూనే లేకపోవడం కూడా నష్టమేనని, దానికి ముగింపు వెతకకుండా దానితోనే బతకడం నేర్చుకోవాలని ఆవిడ చెప్పింది. అందుకని ఏడుపొస్తే ఏడు. మరునాడు నచ్చిన చీర కట్టుకుని పెళ్లికి వెళ్లు. రెండూ ఒకే వారంలో జరిగినా తప్పు లేదు.

ఇక అసలు మాట. నీ చుట్టూ పొగిడేవాళ్లు చేరతారు. మీ అత్తయ్యకు జడ వేసి అన్నం తినిపిస్తే ఊరంతా నన్ను దేవుణ్ణి చేసింది. అదే పని నువ్వు చేస్తే ‘భార్యగా ధర్మం’ అంటారు, మహా అయితే ‘నీ ఓర్పుకు దండం పెట్టాలి’ అంటారు. ఆ మాట విన్నాక ఓపిక అయిపోయిందని చెప్పడానికి నోరు రాదు. దండం పెట్టినవాళ్లను ఒక పూట అడుగు. ‘గురువారం సాయంత్రం రెండు గంటలు ఆయన దగ్గర కూర్చుంటారా?’ అని రోజు, వేళ చెప్పి మరీ అడుగు. ‘ఏదైనా అవసరమైతే చెప్పు’ అనేవాళ్లు ఆ మాటకు కట్టుబడేది అలా అడిగితేనే.

డల్లాస్‌లో ఉన్న నీ కొడుకునీ అడగాలి. వీడియో కాల్‌లో ఆ పది నిమిషాలూ అల్లుడు చక్కగా నవ్వుతూ మాట్లాడతాడు, వాడేమో ‘నాన్న బాగానే ఉన్నాడు కదమ్మా’ అంటాడు. సందెవేళ ‘ఇంటికి పోదాం’ అంటూ గేటు పట్టుకుని ఊగడం వాడెక్కడ చూశాడు? నిష్ఠూరం వద్దు. సెలవు పెట్టి రమ్మను, ఒక వారం ఇల్లు అప్పగించి నువ్వు మీ అమ్మ దగ్గరికి వెళ్లు. అంతవరకూ రాత్రిపూట అటెండెంట్‌ని పెట్టుకోవడానికి డబ్బు పంపమను. మనిషిని పెట్టుకుంటే ప్రేమ తగ్గినట్టు కాదు.

మన దేశంలో అరవై దాటినవాళ్లలో దాదాపు 88 లక్షలమందికి డిమెన్షియా, అంటే ఈ మతిమరుపు జబ్బు, ఉందని అంచనా. ప్రతి ఒక్కరి వెనుకా నీలాంటి మనిషి ఒకరు ఉంటారు. అల్జీమర్స్ సొసైటీకి హైదరాబాద్‌లో శాఖ ఉంది, అక్కడ అలాంటివాళ్లతో మాట్లాడవచ్చు. మరీ దిగులుగా ఉంటే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు. ఆకలి చచ్చిపోయి, దేనిమీదా ఆసక్తి లేక వారాలు గడుస్తుంటే డాక్టరుకు చూపించుకో. నీ బీపీ మాత్ర ఆయన మాత్రల పక్కనే పెట్టుకో.

పై నెల మొదటి వారంలో నేను వస్తున్నాను. నిన్ను పొగడడానికి కాదు. సాయంత్రాలు అల్లుడి దగ్గర కూర్చుని పాత పాటలు వింటాను, ఆ పనికి ఈ ముసలివాడు చాలు. ఆ వేళల్లో నువ్వేం చేస్తావో నన్ను అడగకు, నాకు చెప్పకు. ఇంట్లో మాత్రం ఉండకు.

ఆశీస్సులతో,
మామయ్య