ఎనిమిది నమూనాలు, ఎనిమిది వారాలు

దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి విద్యార్థులకిచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పు ఎనిమిది వారాలుంటుంది. కంప్యూటేషనల్ బయాలజీ ల్యాబులో చేరిన బీటెక్ మూడో ఏడు అమ్మాయి ఈ గడువులో నేర్చుకోవలసిన పనుల్లో ముఖ్యమైనది, కణాల నుంచి వచ్చిన ముడి అక్షరాలను నమ్మదగ్గ జన్యువుల జాబితాగా మార్చడం. ల్యాబు సొంత డేటా ముట్టుకోకముందు, జవాబు తెలిసిన పాత డేటా మీద చెయ్యి తిప్పించడం మంచి పద్ధతి. 2014లో వెలువడిన ఒక ఆస్తమా పరిశోధన డేటా ఇందుకు విరివిగా వాడుకలో ఉంది. జీఎస్ఈ52778 నంబరుతో వెతికితే ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. వాడే సాఫ్ట్‌వేర్లకూ రూపాయి ఖర్చు లేదు.

ముడిసరుకు మొదలయ్యేది కణాల్లో. నలుగురు దాతల శ్వాసనాళాల కండర కణాలను ల్యాబులో పెంచి, ఒక్కొక్కరి కణాలను వాటాలు చేశారు. ఒక వాటాకు 1 మైక్రోమోలార్ డెక్సామెథాసోన్‌ను 18 గంటలు పట్టించారు. 2020లో కోవిడ్ వార్డుల్లో పేరు మోగిన స్టెరాయిడే ఇది. మరో వాటాను మందు లేకుండా ఉంచారు. ఈ సాధనకు వాడేది ఈ రెండు రకాల వాటాలే. అలా ఎనిమిది నమూనాలు. కణాల్లోంచి తీసిన ఆర్ఎన్ఏ చాలా సున్నితం. మన చర్మం మీది ఎంజైములు తగిలినా విరిగిపోతుంది. అందుకే మైనస్ 80 డిగ్రీల ఫ్రీజరులో దాస్తారు. దాన్ని డీఎన్ఏ నకలుగా మార్చి యంత్రంతో చదివిస్తే వచ్చే అక్షరాల చిన్న వరుసలే ‘రీడ్‌లు’.

మొదటి వారమంతా టెర్మినల్‌తోనే గడుస్తుంది. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేయడం, సర్వరులోకి వెళ్లడం, ఫైళ్లు దించుకోవడం. దించిన ప్రతి ఫైలుకూ చెక్‌సమ్ సరిచూస్తుంది. చెక్‌సమ్ అంటే ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని కట్టిన గుర్తింపు సంఖ్య. నెట్ మధ్యలో తెగి ఫైలు సగమే వచ్చినా, ఇక్కడ దొరికిపోతుంది.

ఇప్పుడు ఫైలు తెరిచి చూస్తుంది. ఒక్కో రీడ్‌కు నాలుగు వరుసలు. మొదటిది పేరు, రెండోది అక్షరాలు, మూడోది ఒక కూడిక గుర్తు, నాలుగోది నాణ్యత. చూడగానే పిచ్చిగీతల్లా కనిపించే ఆ నాలుగో వరుసలో ఎంతో సమాచారం ఉంది. యంత్రం ఒక్కో అక్షరాన్ని ఎంత నమ్మకంగా చదివిందో ఒక్కో గుర్తుతో చెబుతుంది. ప్రశ్నార్థకం ఉంటే విలువ 30, అంటే వెయ్యిలో ఒక్కసారి తప్పు పడే అవకాశం. # ఉంటే విలువ 2, అంటే ఆ అక్షరాన్ని నమ్మడానికి వీల్లేదు. కోట్ల రీడ్‌లలోని ఈ గుర్తులను ఫాస్ట్‌క్యూసీ అనే ప్రోగ్రాం గ్రాఫుగా గీస్తుంది. రీడ్ చివరికొచ్చేసరికి గీత కిందికి జారడం మామూలే. మధ్యలో జారితే మాత్రం ఆగి కారణం వెతకాలి.

తర్వాత కత్తిరింపు. సీక్వెన్సింగ్ కోసం అతికించిన అడాప్టర్ల అవశేషాలను, నాణ్యత తగ్గిన కొసలను కోసేయడం ఒక పూటలో అయిపోతుంది.

అలైన్‌మెంట్ అంటే, ప్రతి రీడ్ మానవ జీనోములో ఎక్కడిదో కనిపెట్టడం. జీనోములో దాదాపు 310 కోట్ల అక్షరాలు. పైగా జన్యువు మధ్యమధ్యలో ఉండే ఇంట్రాన్లనే భాగాలు పరిపక్వ ఆర్ఎన్ఏలో ఉండవు. కాబట్టి ఒకే రీడ్‌లో సగం ఇక్కడ, మిగతా సగం వేల అక్షరాల అవతల కుదరవచ్చు. స్టార్ అనే ప్రోగ్రాంకు ఇందుకు 30 జీబీ వరకు ర్యామ్ కావాలి. హైసాట్2 అయితే మామూలు ల్యాప్‌టాప్‌లోనూ నడుస్తుంది. ఎంత శాతం రీడ్‌లకు చోటు దొరికిందో ఆమె నోటుబుక్కులో రాసుకుంటుంది. ఎనిమిదింటిలో ఒక్కటి బాగా తక్కువగా వచ్చినా ముందుకు పోదు.

చోట్లు తెలిశాక, ఏ జన్యువు మీద ఎన్ని రీడ్‌లు పడ్డాయో లెక్కించడమే. వరుసల్లో జన్యువులు, నిలువు గడుల్లో నమూనాలు. ఈ పట్టికను ఎక్సెల్‌లో తెరవకూడదని మొదటే చెబుతారు. మార్చ్1, సెప్ట్2 లాంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేసేది. ఆ బాధ పడలేక, జన్యువులకు పేర్లు పెట్టే కమిటీ 2020 మార్గదర్శకాల్లో ఆ పేర్లు మార్చిన సంగతి ప్రకటించింది. పాత పట్టికల్లో మాత్రం ఆ పేర్లు ఇంకా తగులుతూనే ఉంటాయి.

అసలు నేర్పు ఇక్కడినుంచి. ఒక నమూనాలో లెక్కకొచ్చిన ముక్కలు కోటిన్నర, మరోదాంట్లో మూడు కోట్లు. నేరుగా పోలిస్తే రెండో నమూనాలో జన్యువులన్నీ రెట్టింపు చురుగ్గా ఉన్నట్టు భ్రమపడతాం. డెసెక్2 అనే ప్రోగ్రాం ఒక్కో నమూనాకు ఒక సవరణ గుణకం కట్టి ఆ తేడాను సరిచేస్తుంది. తర్వాత, నమూనాల మధ్య పోలికలను చుక్కల దూరంతో చూపే పీసీఏ గ్రాఫు గీస్తే ఎనిమిది చుక్కలొస్తాయి. మందు పడినవి ఒకవైపు, పడనివి మరోవైపు. అడ్డంగా చూస్తే ఒకే దాత చుక్కలు రెండూ దాదాపు ఒకే ఎత్తులో. “నమూనాల పేర్లు ఎక్కడో తారుమారయ్యాయనుకో, నీకెలా తెలుస్తుంది?” అని అడుగుతుంది పీహెచ్‌డీ చేస్తున్న అక్క. “ఆ చుక్క తప్పు గుంపులో పడుతుందక్కా” అంటుంది ఈ అమ్మాయి, గ్రాఫు మీద వేలు పెట్టి. దాతల మధ్య సహజంగా ఉండే తేడా మందు ప్రభావంలో కలిసిపోకుండా, ఏ జన్యువు మందుతో మారిందో తేల్చే లెక్కలో దాత పేరును కూడా చేర్చాలి. ఆ ఒక్క పదం మరిచిపోతే ఎన్నో జన్యువులు జాబితాకెక్కకుండా పోతాయి.

పరీక్షించేది ఒక జన్యువును కాదు, సుమారు 20,000 జన్యువులను. 5 శాతం తప్పును ఒప్పుకుంటే, మందు ఏమీ చేయకపోయినా వెయ్యి జన్యువులు మారినట్టు కనిపిస్తాయి. బెంజమిని, హోఖ్‌బెర్గ్ 1995లో ప్రతిపాదించిన సవరణ ఈ వరదకు అడ్డుకట్ట. ఇది బుర్రకెక్కడానికి ఒక్కోసారి వారం పడుతుంది. ఆ వారం వృథా కాదు. కాగితం మీద పది విలువలతో స్వయంగా లెక్క కట్టిన విద్యార్థికి ఈ విషయం ఇక మరపు రాదు.

వచ్చిన జాబితాను ముందు తెలిసిన జన్యువులతో సరిపోల్చుకుంటుంది. స్టెరాయిడుకు స్పందిస్తాయని ముందే తెలిసిన ఎఫ్‌కేబీపీ5, పెర్1, డస్ప్1 పైవరుసల్లో ఉన్నాయా? పెర్1 మార్పు విలువ 3 దాటుతుంది. లాగ్2 కొలత కాబట్టి ఎనిమిది రెట్లకు పైనే పెరిగినట్టు. 2014 పరిశోధకులు ముఖ్యంగా చూపించిన సీఆర్ఐఎస్‌పీఎల్‌డీ2 కూడా అక్కడే దొరుకుతుంది.

స్క్రిప్టులన్నీ, సాఫ్ట్‌వేర్ల వెర్షన్లతో సహా, ఒక ఫోల్డరులో చేరతాయి. ఆ ఫోల్డరును మరొకరు తమ సర్వరులో నడిపి అంకెలు కలిశాయంటే, ల్యాబు సొంత నమూనాలు ఆమె చేతికొస్తాయి. మిగతా వారాలు వాటి మీద ఇవే మెట్లు. చివరి వారంలో ల్యాబు మీటింగులో ప్రసంగం, నివేదిక, వాటితోపాటు రెండో ఫోల్డరు.