కుండ ఎందుకు పగిలింది?

మట్టి తవ్వి తేవాలి. ఎండబెట్టి, నలగ్గొట్టి, నానబెట్టాలి. రాళ్లు ఏరాలి. కాళ్లతో తొక్కాలి. సారె మీద కుండ చేయాలి. తట్టి తట్టి సాగదీయాలి. నీడన ఆరబెట్టాలి. ఇంత చేసినా అది పచ్చి కుండే. నీళ్లు పోస్తే కరిగి మళ్లీ మట్టి అవుతుంది.

నిప్పులో కాలితేనే అది కుండ.

కుండలు కాల్చే చోటును ఆవం అంటారు. కొన్ని ఊళ్లలో ఆము అంటారు. కొన్ని ఊళ్లలో వాము అంటారు. పేరు ఏదైనా భయం ఒకటే. నెల రోజుల కష్టం ఏమైందో ఒక్క రాత్రిలో తేలిపోతుంది. "కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు" అని సామెత. గుదియ దాకా ఎందుకు? మంట ఒక్కసారి ఎగిస్తే చాలు.

ఈ పని పూర్వం తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకునేవాడు. ఎంత కట్టె, ఎంత సేపు, ఏ రంగు వచ్చాక ఆపాలి, అన్నీ చూసి నేర్చుకోవలసిందే. ఎవరూ రాసి పెట్టలేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో కొడుకులు పట్నం పనులకు పోయారు. ఆవం తెలిసిన పెద్దవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. అందుకే పదిమందీ కలిసి, చేతులతో చేసి నేర్చుకునే శిక్షణలు అవసరం.

ప్రభుత్వ శిక్షణలూ ఉన్నాయి. ఖాదీ గ్రామోద్యోగ కమిషన్ 2018లో కుమ్మరుల కోసం ఒక పథకం మొదలుపెట్టింది. అందులో శిక్షణ ఇచ్చి కరెంటు సారెలు పంచారు. 2023 సెప్టెంబరు 17న పీఎం విశ్వకర్మ పథకం మొదలైంది. దాంట్లో 18 చేతివృత్తులు ఉన్నాయి. కుమ్మరం వాటిలో ఒకటి. మొదటి శిక్షణ 5 నుంచి 7 రోజులు. రోజుకు 500 రూపాయల భత్యం. పనిముట్లకు 15,000 రూపాయలు. ఇవి మంచివే. కరెంటు సారె వచ్చాక చేయి నొప్పి తగ్గింది, కుండలు ఎక్కువ వస్తున్నాయి. కానీ సారె మీద కుండ పాడైతే పోయేది ముద్ద మట్టి. దాన్ని మళ్లీ తొక్కి వాడుకోవచ్చు. ఆవంలో పాడైతే మట్టీ పోయింది, కట్టే పోయింది, కూలీ పోయింది. సారెకు మోటారు వచ్చింది, మరి ఆవానికి ఏం వచ్చింది?

ఆవం శిక్షణ పలకా బలపంతో మొదలైనట్టే మొదలవుతుంది. కుండ కొంచెం పచ్చిగా ఉన్నప్పుడే అడుగున పుల్లతో ఒక అంకె గీయాలి. 1, 2, 3 అని. అదే అంకె నోటుపుస్తకంలో రాయాలి. ఎవరు చేశారు, ఏ మట్టి, ఎన్ని రోజులు ఆరింది, అన్నీ ఆ అంకెకు ఎదురుగా రాయాలి. కాలాక ఆ అంకె చెరగదు. కుండ పగిలినా పెంకు మీద ఉంటుంది.

తరువాత ఆరిందా లేదా చూస్తారు. కంటికి ఆరినట్టే ఉంటుంది. కుండను చెంపకు ఆనించాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అలాంటిది పక్కన పెట్టాలి. ఎందుకు? నీరు ఆవిరైతే 1,600 రెట్లకు పైగా చోటు కావాలి. మందపాటి మట్టి గోడలో ఇరుక్కున్న ఆవిరికి దారి ఎక్కడ? గోడను పగలగొట్టుకుని వస్తుంది. ఆవంలో ఫట్‌మని చప్పుడు వస్తే అదే. అందుకని మొదట చిన్న సెగ చూపించాలి, పెద్ద మంట తరువాత.

ఇక పేర్చడం. కింద పిడకలు, ఎండు కట్టెలు పరుస్తారు. పెద్ద బానలు, కాగులు ముందు. వాటి సందుల్లో చట్లు, మూకుళ్లు, ప్రమిదలు. మధ్య మధ్య పిడకలు, పాత పెంకులు. పైన వరిగడ్డి కప్పి, దాని మీద బురద మెత్తుతారు. గాలి ఆడటానికి బెజ్జాలు వదులుతారు. ఇది ఒక పద్ధతి. ఊరిని బట్టి మారుతుంది. శిక్షణలో ప్రతి మనిషీ ఒక్క వరుసైనా తన చేత్తో పేర్చాలి. పక్కన నిలబడి చూస్తే రాదు.

సాయంత్రం నిప్పు పెడతారు. నైలాను చీరలతో ఆ దగ్గరికి పోకూడదు. కొంగు, తువ్వాలు బిగించి కట్టుకోవాలి. నీళ్ల బిందెలు దగ్గర పెట్టుకోవాలి. కట్టె దొరకలేదని పాత టైర్లు, ప్లాస్టిక్ సంచులు వేస్తారు కొందరు. ఆ పొగ విషం. అది ముందు పోయేది ఆవం పక్కన ఉన్నవాళ్ల ఊపిరితిత్తుల్లోకే.

చీకటి పడ్డాక బెజ్జంలోంచి చూస్తే కుండల రంగు తెలుస్తుంది. మొదట నల్లగా, ఏమీ కనబడదు. తరువాత మందపు ఎరుపు. అప్పుడు వేడి 500 డిగ్రీలు దాటింది. ఇంకా కాలితే చింతనిప్పులా మెరుస్తుంది. అది 700, 800 డిగ్రీల వేడి. ఒక్కొక్కరూ దూరం నుంచే చూసి రంగు చెబుతారు. వేళ కూడా రాస్తారు. 9 గంటలకు మందపు ఎరుపు, 11 గంటలకు చింతనిప్పు. పెద్దాయన కంటికి తెలిసిన సంగతి ఇప్పుడు పుస్తకంలోకి ఎక్కింది.

తెల్లారేసరికి మంట ఆరిపోతుంది. అసలు పరీక్ష అప్పుడే.

"పెద్దయ్యా, రేపు సంత. ఇక తీసేద్దామా?" అని ఎవరో ఒకరు అడుగుతారు.

"ఆగమ్మా. లోపల ఇంకా వేడుంది. గాలి తగిలితే చీలుతుంది."

"నిన్ననగా ఆరింది కదా!"

"మంట ఆరింది. కుండ చల్లారలేదు."

పెద్దయ్య చెప్పేది నిజమే. మట్టిలో ఇసుక రేణువులు ఉంటాయి. 573 డిగ్రీల దగ్గర అవి ఉన్నట్టుండి ఉబ్బుతాయి. చల్లారేటప్పుడు అదే వేడి దగ్గర కుంచించుకుపోతాయి. నెమ్మదిగా చల్లారితే కుండ తట్టుకుంటుంది. ఒక పక్క చల్లగాలి తగిలి, ఇంకో పక్క వేడిగా ఉంటే తట్టుకోలేదు. చేయి పెట్టి పట్టుకోగలిగేంత చల్లారాకే విప్పాలి.

విప్పాక అందరూ మంచి కుండల మీదికి పోతారు. శిక్షణలో మాత్రం ముందు పగిలినవి ఒక చోట పోయాలి. చుట్టూ కూర్చోవాలి. పెంకు చూస్తే జబ్బు తెలుస్తుంది.

ముక్కలు ముక్కలుగా పేలి, గోడ పొరలుగా ఎగిరిపోయిందా? తడి ఆరలేదు, లేదా మంట తొందరగా పెంచారు. అంచు నుంచి కిందికి సన్నగా, కత్తితో కోసినట్టు చీలిందా? చల్లారకముందే విప్పారు. విరిగిన చోట గోడ మధ్యలో నల్ల చార ఉందా? లోపలిదాకా కాలలేదు. వేళ్ల కణుపులతో తడితే మంచి కుండ ఖంగుమంటుంది. బీట ఉన్నది బొద్దుగా పలుకుతుంది.

ఇంకొకటి ఉంది, మోసకారి జబ్బు. కుండ ఆవంలో బాగానే వస్తుంది. పది రోజులకు పెచ్చు ఊడుతుంది. ఊడిన చోట చూస్తే తెల్లటి చుక్క ఉంటుంది. అది సున్నపు రాయి. కాలినప్పుడు సున్నం అయింది, గాలిలో తేమ పీల్చి ఉబ్బింది. తప్పు నిప్పుది కాదు, మట్టిలో రాళ్లు ఏరినప్పటిది. కొన్నవాళ్లు మాత్రం కుమ్మరినే తిడతారు.

నల్ల మచ్చలు వేరే సంగతి. మన మట్టిలో ఇనుము ఉంది. గాలి బాగా తగిలితే కుండ ఎర్రబడుతుంది. గాలి అందకుండా పొగలో ఉంటే నల్లబడుతుంది. కావాలని కూడా నల్లగా కాల్చవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో ఆజంగఢ్ జిల్లాలో నిజామాబాద్ అనే ఊరుంది. మన నిజామాబాద్ కాదు. అక్కడి నల్ల కుండలకు 2015లో జీఐ గుర్తింపు వచ్చింది. నాగార్జునకొండ దగ్గర పాత సమాధుల్లో ఎరుపూ నలుపూ కలిసిన కుండలు దొరికాయి. అవి 2,000 ఏళ్లకు పైబడినవి. గాలిని ఆడించడం, ఆపడం మన కుమ్మరులకు అప్పుడే తెలుసు.

ఇప్పుడు లెక్క వేయాలి. ఆవంలో 200 కుండలు పెట్టారనుకోండి. 30 పగిలాయి. అంటే నూటికి 15. కుండ 60 రూపాయలు అనుకుంటే 30 కుండలు 1,800 రూపాయలు. నెలకు రెండు ఆవాలు కాలిస్తే 3,600. ఏ సంవత్సరమూ ఎవరూ ఈ డబ్బు లెక్క వేయలేదు. పగిలింది పోనీలే అని పెంకులు దిబ్బన పోశారు.

ఈ లెక్క దగ్గర ఆడవాళ్ల మాట బాగా పనికొస్తుంది. చాలా కుమ్మరి ఇళ్లలో సారె మగవాళ్లదే. మట్టి పిసకడం, ఆరబెట్టడం, పిడకలు చేయడం, కుండలు మోయడం, సంతలో అమ్మడం ఆడవాళ్లు చేస్తారు. ఏ కుండ ఏ రోజు వాన గాలిలో ఉందో వాళ్లకే తెలుసు. శిక్షణకు ఇంటికి ఒక్కరినే పిలిచి, ఆ ఒక్కరూ మగమనిషే అయితే సగం తెలివి ఇంట్లోనే ఉండిపోతుంది.

పుస్తకంలో అంకెలు కలిపి చూస్తే ఒక్కోసారి చిత్రమైన సంగతి బయటపడుతుంది. పగిలిన 30లో 20 కుండలు ఒకే పక్కవి అనుకోండి. గాలి వీచిన పక్కవి. అప్పుడు తప్పు మట్టిది కాదు, చేసిన మనిషిదీ కాదు. మంట ఆ పక్క తొందరగా ఎగిసింది. తరువాతి ఆవానికి ఆ పక్క తాటాకు తడక కట్టాలి. బెజ్జాలు రెండు తగ్గించాలి. అంకెలు మళ్లీ 1 నుంచి గీయాలి. పాత పేజీ చింపకూడదు.